కాలు సాగని గోసకు లెక్కేది?

సోమవారం పొద్దున ఏ జిల్లా కేంద్రానికైనా పోయి కలెక్టరేట్ ముందర ఒక గంట నిలబడండి. ప్రజావాణికి వచ్చే జనాన్ని చూడండి. వాళ్ల చేతిలోని దరఖాస్తును కాదు, కాళ్లను చూడండి. ఒకామె కోడలి భుజం పట్టుకొని బస్సు దిగుతుంది. ఒకాయన కట్టె ఊతంతో పది అడుగులు వేసి, ఆగి, మళ్లీ పది అడుగులు వేస్తాడు. ఇంకొకామె మెట్ల దగ్గరే కూలబడి, కాగితాన్ని కొడుకు చేతికిచ్చి ‘నువ్వు పోయి ఇచ్చిరా బిడ్డా’ అంటుంది. వీళ్లలో చాలామందికి వికలాంగుల సర్టిఫికెట్ లేదు. తాము వికలాంగులమని వాళ్లు అనుకోరు కూడా. అడిగితే వచ్చే జవాబు ఒక్కటే: ‘ఏం లేదు బిడ్డా, మోకాళ్ల నొప్పులు. వయసు మీదపడ్డది.’

ఈ మాట దగ్గరే మనం ఆగి ఆలోచించాలి. వయసు అందరికీ మీద పడుతుంది. కానీ అందరి కాళ్లూ ఒకే తీరుగా పడిపోవు. అధికారి అరవై ఏళ్లకు పార్కులో వాకింగ్ చేస్తాడు. నాటేసే కూలి నలభై అయిదేళ్లకే గడప దాటడానికి తలుపు పట్టుకుంటుంది. ఇద్దరి మధ్య తేడా దేవుడు రాసిన రాతలో లేదు. తాగిన నీళ్లలో, చేసిన పనిలో, తిన్న తిండిలో, ఎక్కాల్సి వచ్చిన మెట్లలో ఉంది. నడవలేకపోవడమంటే ఒంటి మీదికి వచ్చిన కష్టమే కాదు, సర్కారు తీసుకునే, తీసుకోని నిర్ణయాల ఫలితం కూడా అని మేము అంటున్నాం.

అడిగే తీరును బట్టే లెక్క

ముందు లెక్కల సంగతి చూద్దాం. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వికలాంగులు 2 కోట్ల 68 లక్షల మంది. అంటే జనాభాలో 2.21 శాతం. అందులో కదలికకు సంబంధించిన వైకల్యం ఉన్నవాళ్లు సుమారు 54 లక్షలు. పిల్లా పెద్దా అందరినీ కలిపి చూస్తే వెయ్యి మందికి నలుగురైదుగురు. మన ఊరిని కళ్ల ముందు పెట్టుకొని చెప్పండి, ఇది నమ్మే లెక్కేనా? వెయ్యి గడప ఉన్న ఊర్లో ఒక్క వాడకట్టు తిరిగితేనే అంతకంటే ఎక్కువ మంది కట్టె పట్టుకొని కనబడరా?

అమెరికాలో సర్కారు సర్వేలు పెద్దవాళ్లను ‘నడవడానికి, మెట్లెక్కడానికి మీకు బాగా కష్టమవుతోందా’ అని అడుగుతాయి. అవునని చెప్పేవాళ్లు సుమారు 12 శాతం, అంటే ప్రతి ఎనిమిది మందిలో ఒకరు. అన్ని రకాల వైకల్యాలనూ కలిపి చూస్తే ప్రపంచ జనాభాలో 16 శాతం మంది తీవ్రమైన ఇబ్బంది పడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మరి మన దగ్గర 2.21 శాతమే ఎట్లా అయింది? మన కాళ్లు అమెరికావాళ్ల కాళ్ల కంటే గట్టివా? కాదు. వాళ్ల జనంలో ముసలివాళ్ల పాలు ఎక్కువన్నది నిజమే. కానీ అసలు తిరకాసు ప్రశ్నలో ఉంది.

మన ఎన్యూమరేటర్ గడప ముందర నిలబడి ‘ఈ ఇంట్లో వికలాంగులున్నారా’ అని అడుగుతాడు. ఆ మాట వినగానే ఇంటివాళ్లకు పోలియో సోకిన పిల్లోడో, కాలు తీసేసిన మనిషో గుర్తొస్తాడు. లోపల మంచం పట్టుకొని లేవడానికి తిప్పలు పడే అవ్వ గుర్తుకు రాదు. అదే ‘మీ ఇంట్లో నడవడానికి, మెట్లెక్కడానికి ఎవరికైనా కష్టమవుతోందా? కొంచెమా, చాలానా, అసలు చేతగావడం లేదా’ అని అడిగి చూడండి. జవాబు మారిపోతుంది. ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో పుట్టిన వాషింగ్టన్ గ్రూప్ తయారు చేసిన ప్రశ్నలు ఈ తీరుగానే ఉంటాయి. మనిషికి పేరు పెట్టవు, పని గురించి అడుగుతాయి. లెక్కలోకి రాని మనిషికి బడ్జెట్‌లో పైసా రాదు. లెక్క రాకపోతే నిధులు రావని మనకు ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు. ఆ పాఠం నేర్చుకునే కదా మనం కొట్లాడింది!

నీళ్లు మారినయి, ఎముకలు మారలేదు

నడక మీద సర్కారు నిర్ణయాల ముద్ర ఎట్లా పడుతుందో తెలుసుకోవాలంటే నల్లగొండకు మించిన బడి లేదు. మునుగోడు, మర్రిగూడ, నాంపల్లి, చండూరు, నారాయణపూర్ పల్లెల్లో బోరు నీళ్లు తాగి మూడు తరాలు వంగిపోయాయి. నల్లరాళ్ల పొరల్లోని ఫ్లోరైడ్ ఆ నీళ్లలో కరిగి ఉంటుంది. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించొద్దన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు. ఒక్క మిల్లీగ్రామే మేలని మన దేశ ప్రమాణం అంటుంది. ఈ పల్లెల బోర్లలో అంతకు ఎన్నో రెట్లు వచ్చేది.

ఆ నీళ్లు ఒంట్లో చేసే పని మెల్లగా సాగుతుంది. చిన్నప్పుడు తాగితే పళ్ల మీద గార మచ్చలు పడతాయి. ఏళ్ల తరబడి తాగితే ఫ్లోరైడ్ ఎముకలో పేరుకుంటుంది. కీళ్లను పట్టి ఉంచే నరాలలాంటి కట్లు కూడా ఎముకలాగా గట్టిపడతాయి. మెడ తిరగదు, వెన్ను వంగదు, వంగితే లేవదు. వెన్నుపూస లోపలి సందు ఇరుకై వెన్నుపామును నొక్కితే కాళ్లలో బలం పోతుంది. పాలు, గుడ్లు అందని పిల్లలకు, క్యాల్షియం చాలని ఒంటికి ఈ నష్టం ఇంకా ఎక్కువ. నల్లగొండ పిల్లల మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి తగులుకోవడాన్ని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1973లోనే ‘లాన్సెట్’ వైద్య పత్రికలో రాశారు. అంటే మా పిల్లల కాళ్లు వంకర పోతున్న సంగతి లండన్ దాకా తెలిసింది. రాజధానిలో కుర్చీల మీద ఉన్నవాళ్లకు మాత్రం వినబడలేదు.

ఇంకో విచిత్రం చూడండి. పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి 1970లలో రూపొందించింది. దాని పేరు ‘నల్లగొండ టెక్నిక్’. ప్రపంచమంతా పుస్తకాల్లో ఆ పేరు చదువుకుంది. నల్లగొండ మాత్రం అవే బోర్ల నీళ్లు తాగుతూ వచ్చింది. జిల్లా సరిహద్దులోనే నాగార్జునసాగర్ ఉంది. 1955లో పునాది రాయి పడ్డది, 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. పక్క నుంచే కృష్ణ పారుతుంటే ఈ పల్లెలకు బిందెడు మంచినీళ్లు రాలేదు.

కడుపు మండిన జనం 1996 లోక్‌సభ ఎన్నికలను కొట్లాటగా మార్చారు. జలసాధన సమితి పిలుపు మీద నామినేషన్లు వేస్తే నల్లగొండ బరిలో 480 మంది నిలిచారు. బ్యాలెట్ పుస్తకమంత అయింది, పోలింగే వాయిదా పడ్డది. సర్కారు నేర్చుకున్న పాఠం ఏమిటి? ఆ ఏడే డిపాజిట్ సొమ్ము పెంచింది! నీళ్లడిగితే నామినేషన్ ఖరీదు పెరిగింది.

రాష్ట్రం వచ్చినంక కథ కొంత మారింది. దాచిపెట్టాల్సిన పని లేదు, మారిందని చెప్పాలి. 2015 జూన్‌లో చౌటుప్పల్ దగ్గర మిషన్ భగీరథ పైలాన్ లేచింది. నదీజలం పైపుల్లో పల్లెలకు చేరింది. రాష్ట్రం ఏర్పడ్డప్పుడు 967గా ఉన్న ఫ్లోరైడ్ పీడిత ఆవాసాలు 2020 నాటికి సున్నా అయ్యాయని కేంద్రమే లెక్క చెప్పింది. ఇది కొట్లాడి తెచ్చుకున్న ఫలం. అందులో అనుమానం లేదు.

కానీ సున్నా అయింది నీళ్ల లెక్క. మనుషుల లెక్క కాదు. నీళ్లు మారినయి, ఎముకలు మారలేదు. ఒకసారి గట్టిపడిన వెన్ను మళ్లీ మెత్తబడదు. 1990లో ఆ బోరు నీళ్లు తాగిన పసిబిడ్డ ఇప్పుడు నడివయసు మనిషి. ఆ ఇంటికి సంపాదించి పెట్టాల్సిన మనిషి. ‘ఫ్లోరైడ్ పోయింది’ అని ఫైలు మూసేస్తే ఆ మనిషిని కూడా ఫైలులో పెట్టి మూసేసినట్టే. పీడితులు ఎందరు మిగిలారు, ఎవరు ఎంత దూరం నడవగలరు, ఎవరికి ఏ ఊతం కావాలి? ఊరూరా జాబితా కట్టాల్సిన పని ఇప్పుడే ఎక్కువగా ఉంది.

పని అరగదీసిన మోకాళ్లు

నల్లగొండ ఒక్కటే కాదు. పని కూడా కాళ్లను తింటుంది. ప్రపంచంలో కీళ్ల అరుగుదలతో బాధపడేవాళ్లు 2019 నాటికి 52 కోట్ల 80 లక్షల మంది. అందులో మోకాళ్ల అరుగుదలే 36 కోట్ల 50 లక్షలు. కీళ్లరిగినవాళ్లలో వందకు అరవై మంది ఆడవాళ్లే. వయసు ఒక కారణం. బరువు ఇంకొక కారణం. పాత దెబ్బలు, తొడ కండరాల్లో బలం లేకపోవడం, ఏళ్లకేళ్లు గొంతుక్కూర్చొని, మోకాళ్ల మీద వంగి చేసే పని కూడా కారణాలే.

ఇప్పుడు మన ఆడబిడ్డ దినచర్య చూడండి. పొద్దున వాకిలి ఊడ్వడం వంగే. పొయ్యి దగ్గర పీట మీదనే. మడిలో నాటు వంగే, కలుపు గొంతుక్కూర్చొనే, పత్తి ఏరడం వంగి లేచే. ఇంటికొచ్చి బట్టలు ఉతకడం మళ్లీ కూర్చొనే. నలభై ఏళ్లు ఇట్లా గడిచినంక మోకాలు అరిగితే దాన్ని ‘వయసు’ అనడం న్యాయమేనా? అది కూలిలో కలవని నష్టం. మగ్గం గుంతలో కాళ్లు ఆడించిన పద్మశాలి అన్నకూ, పొద్దంతా కాళ్లు ముడిచి చాట ముందర కూర్చొని బీడీలు చుట్టే అక్కకూ ఇదే వర్తిస్తుంది.

తాటిచెట్టు కథ వేరే. అక్కడ మెల్లగా అరగడం లేదు, ఒక్క జారుడుతో అయిపోతుంది. మోకు తెగినా, కాలు జారినా పడేది నిలువెత్తు చెట్టు మీది నుంచి. బతికి బట్టకట్టినా వెన్నుపూస విరిగి నడుం కింద చచ్చుబడితే ఆ గీత కార్మికుడు మంచానికే అంకితం. 2024లో ‘కాటమయ్య రక్ష’ పేరుతో రక్షణ కిట్లు ఇవ్వడం మొదలైంది. మంచిదే. కానీ తరతరాలుగా చెట్టెక్కినవాళ్లకు ఒక తాడు, ఒక బెల్టు ఇవ్వడానికి ఇన్నేళ్లు పట్టిందంటే వాళ్ల కాళ్ల విలువ ఎంతని లెక్కగట్టినట్టు?

షుగర్, సడక్, పాత పోలియో

ఇప్పటిదాకా పల్లెల మాట చెప్పాం. పట్నం ఉద్యోగులు ఇది తమ సంగతి కాదనుకోవద్దు. దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉందని భారత వైద్య పరిశోధన మండలి సర్వే 2023లో తేల్చింది. షుగర్ అదుపు తప్పితే అరికాలి నరాలు మొద్దుబారతాయి. ముల్లు గుచ్చుకున్నా, చెప్పు కరిచినా తెలియదు. పుండు పడుతుంది, మానదు, ఒక వేలితో మొదలై పాదం దాకా తీసేయాల్సి వస్తుంది. బీపీని పట్టించుకోకపోతే పక్షవాతం ఒక పక్కను పడగొడుతుంది. పొద్దంతా కుర్చీలో కూర్చొని, సాయంత్రం బండెక్కి, రాత్రి టీవీ ముందర కూలబడే నౌకరీ జీవితం తొడ కండరాలను మెత్తబరుస్తుంది, నడుము కొలతను పెంచుతుంది. ఆ బరువంతా మోసేది మోకాలే.

ఇక సడక్ మీద జరిగేది కళ్ల ముందర ఉన్నదే. 2022 ఒక్క ఏడాదిలో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1 లక్షా 68 వేల మంది చనిపోయారు. 4 లక్షల 43 వేల మంది గాయపడ్డారు. చావు వార్త అవుతుంది, విరిగిన కాలు వార్త కాదు. రాడ్ వేసుకొని ఇంటికొచ్చిన విద్యార్థి మళ్లీ మామూలుగా నడిచాడా లేదా అని ఏ పోలీస్ స్టేషన్ రికార్డూ చెప్పదు.

పోలియోను మనం జయించాం. దేశంలో చివరి కేసు 2011 జనవరిలో వచ్చింది, 2014 మార్చిలో పోలియో లేని దేశమని ధ్రువపత్రం అందింది. కానీ అంతకు ముందు పోలియో సోకిన పిల్లలు ఇప్పుడు నడివయసుకు వచ్చారు. ఇన్నేళ్లు బరువంతా మోసిన మంచి కాలు కూడా అలసిపోతున్నది. కొందరికి దశాబ్దాల తర్వాత కొత్తగా కండరాల నీరసం వస్తుందని వైద్యశాస్త్రం చెబుతోంది. జబ్బు పోయిందని సంబురపడ్డ మనం జబ్బుపడ్డ మనిషిని మరిచిపోయాం. ఫ్లోరైడ్ విషయంలో జరిగిందీ ఇదే.

టికెట్ తగ్గింది, మెట్టు తగ్గలేదు

కాలు బాగాలేకపోవడం సగం కథ. మిగతా సగం బయట ఉంది. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ప్రయాణం ఉచితం. మోకాళ్లు అరిగిన అవ్వ ఆ బస్సు ఎక్కాలంటే మొదటి మెట్టు మోకాలంత ఎత్తు. టికెట్ ధర సున్నాకు దిగింది కానీ మెట్టు మాత్రం కిందికి దిగలేదు. పట్నంలో ఫుట్‌పాత్ ఉన్నచోట దాని మీద బండ్లు, లేనిచోట మనుషులు బండ్ల మధ్యన. ఆఫీసు మొదటి అంతస్తులో, లిఫ్టుకు తాళం, ర్యాంపు ఉంటే దాని మీద పాత బీరువాలు.

చట్టం లేక కాదు. 1995లో ఒక చట్టం వచ్చింది. 2016లో అంతకంటే గట్టి చట్టం వచ్చింది. పాత ప్రభుత్వ భవనాలన్నింటినీ నియమాలు వచ్చిన అయిదేళ్లలో అందరూ వాడుకునేలా మార్చాలని అందులో రాసి ఉంది. నియమాలు 2017లో వచ్చాయి, గడువు 2022లో దాటింది. 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు ఇదే విషయంలో సలహాలు, సూచనలు చాలవు, తప్పనిసరి ప్రమాణాలు పెట్టాల్సిందేనని కేంద్రానికి చెప్పాల్సి వచ్చింది. కాగితం మీది హక్కు కాళ్ల దాకా రావడానికి ఎన్ని కోర్టు మెట్లెక్కాలె?

పింఛన్ సంగతి కూడా చెప్పుకుందాం. వికలాంగుల పింఛన్ 2014లో 1,500, 2019లో 3,016, 2023లో 4,016 రూపాయలు అయింది. పెరిగింది, కాదనం. కానీ దానికి 40 శాతం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ కావాలి. ఆ పరీక్షకు శిబిరం దాకా పోవాలి, వరుసలో నిలబడాలి. నడవలేనని నిరూపించుకోవడానికి నడిచి పోవాలి! 39 శాతం వచ్చినామెకు మోకాలు నొయ్యదా?

ఏం జేయాలె?

మేము గొంతెమ్మ కోరికలు అడగడం లేదు.

ఒకటి, లెక్క. 2021లో జరగాల్సిన జనాభా లెక్కలు జరగలేదు. 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా తీసుకుంటామని 2025 జూన్‌లో కేంద్రం ప్రకటించింది. అందులో ‘వికలాంగులా’ అని కాకుండా ‘నడవడం కష్టమవుతోందా’ అని అడగాలి. కేంద్రం అడగకపోతే రాష్ట్రమే అడగాలి. 2014 ఆగస్టు 19న ఒక్క రోజులో ఇంటింటి సర్వే చేసిన నేల ఇది. మళ్లీ 2024లో ఇంటింటికీ పోయి కులగణన చేశాం. కులం అడిగిన నోటితో కాలు సంగతి అడగలేమా?

రెండు, ఫిజియోథెరపీ. అరిగిన మోకాలికి ఆపరేషన్ ఒక్కటే దారి కాదు. తొడ కండరాలను బలపరిచే వ్యాయామం నొప్పిని తగ్గిస్తుంది, నడకను నిలబెడుతుంది. దానికి పెద్ద మిషన్లు అక్కరలేదు, నేర్పే మనిషి కావాలి. మండలానికి ఒక ఫిజియోథెరపిస్టును పెట్టండి. ఫ్లోరోసిస్ పల్లెల్లో ఆ మనిషి ఇంటికే పోవాలి. చదువుకున్న నిరుద్యోగులున్నారు, నొప్పి పడే జనమున్నారు. మధ్యన ఒక నియామక పత్రమే లేదు.

మూడు, మెట్లు. ప్రజావాణి ఏ ఊర్లో జరిగినా కింది అంతస్తులోనే జరగాలి. కొత్తగా కొనే ప్రతి బస్సూ కిందికి దిగిన మెట్టుతోనే రావాలి. ర్యాంపు లేని ఆఫీసు కట్టిన కాంట్రాక్టరుకు బిల్లు ఆపాలి.

నాలుగు, మన పని. ఉద్యోగ మిత్రులారా, మీ ఆఫీసులో పై అంతస్తుకు రాలేని మనిషి కోసం మీరే ఒక్కసారి కిందికి దిగండి. విద్యార్థి తమ్ముళ్లారా, చెల్లెండ్లారా, మీ ఊరికి పోయినప్పుడు మీ వాడలో నడవడానికి కష్టపడేవాళ్ల పేర్లు, వాళ్ల కారణాలు ఒక నోట్‌బుక్‌లో రాయండి. నీళ్లా, పనా, షుగరా, ప్రమాదమా రాసి పెట్టండి. సర్కారు తీయని లెక్క మనం తీసి దాని బల్ల మీద పెడదాం.

2011 మార్చి 10న ట్యాంక్‌బండ్ మీదికి మనం నడిచి పోయాం. అడ్డుకట్టలు దాటి, గల్లీలు తిరిగి, చెప్పులు తెగినా నడిచాం. ఆ రోజు రాలేనివాళ్లు ఎందరో ఊర్లలో ఉండిపోయారు. కాళ్లు సాగక గడపలో కూర్చొని, మన కోసం సద్ది కట్టి పంపి, ‘మీరు పోండ్రి బిడ్డా, మా పేరు మీద గూడ నడువుండ్రి’ అన్నవాళ్లు. వాళ్ల పేరు మీద నడిచి రాష్ట్రం తెచ్చుకున్నాం. వాళ్లు మాత్రం ఇంకా ఆ గడపలోనే కూర్చొని ఉన్నారు.

ఇప్పుడు వాళ్ల గడప దాకా నడవాల్సింది మనమే.